సప్పిడి బాబు ఉప్పు అడిగాడు

అరవై దాటిన మనిషి మూటెడు ఉప్పు అడిగితే, ఊరు ఊరంతా పలుగూ పారా పట్టుకుని గొయ్యి తవ్వడానికి బయల్దేరుతుందా? గెడ్డవలసలో బయల్దేరింది. అడిగినవాడు సన్యాసి. అందులోనూ ముప్ఫయ్యేళ్లుగా నాలిక మీద ఉప్పురాయి పెట్టని సన్యాసి. ఇక ఆ ఊరివాళ్లని మాత్రం ఏమని తప్పుపడతాం?

ఆయన అసలు పేరు సోములు. బొబ్బిలి అవతల చోడిచేలు, అంటే రాగిచేలు, చేసుకు బతికే ఒక రైతింట్లో రెండో కొడుకు. అమ్మా నాన్నా పోయాక అన్న చెప్పిన పని చేస్తూ, వదిన పెట్టింది తింటూ కాలం గడిపేవాడు. ఎవరేది అడిగినా కాదనడం ఆయన పుట్టుకలోనే లేదు. పక్కచేను వాళ్లు ఎడ్లు అడిగితే, తన దుక్కి ఎండిపోతున్నా సరే, తోలుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అన్న తిట్టేవాడు. ఆ తిట్లకి కూడా కాదనకుండా తల వంచుకునేవాడు.

ఒక వేసవిలో పూరీ వెళ్తున్న ముసలి సన్యాసి ఒకాయన ఆ దారిన వచ్చి, మూట బరువుగా ఉంది, కొంత దూరం మోసిపెట్టు నాయనా అన్నాడు. సోములు నెత్తికెత్తుకున్నాడు. ఆ కొంత దూరం పలాస దాటింది, బరంపురం దాటింది, చివరికి పూరీ సముద్రం ఒడ్డున ఆగింది. అక్కడ ముసలాయన, కాషాయం కడతావా అని అడిగాడు. సోములు కడతానన్నాడు. బతికుండగానే తన పిండం తను పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. ఉప్పు మానెయ్యమంటే మానేశాడు. దీన్ని లోకం వైరాగ్యం అంది. లోకానికేం, అది చూసినదానికల్లా ఒక పేరు పెట్టేసి చక్కా పోతుంది. మోసినవాడికి తెలుస్తుంది మూట బరువు.

గురువు పోయాక సోములు ఒక్కడే తిరిగాడు. సన్యాసి ఒక ఊళ్లో పాతుకుపోకూడదు. వానాకాలం నెలలు మాత్రమే ఒకచోట ఆగాలి, మిగతా రోజులన్నీ నడుస్తూనే ఉండాలి. అది నియమం. పర్లాకిమిడి నుంచి శృంగవరపు కోట దాకా ఆయన కాళ్లు తొక్కని డొంక లేదు. చప్పిడి కూడు తినే స్వామి కాబట్టి జనం సప్పిడి బాబు అన్నారు. ఆ పేరుకీ ఆయన కాదనలేదు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో వానలు మొదలయ్యే వేళకి సాలూరు వైపు వెళ్లబోయాడు. కొండల్లో గొడవలు జరుగుతున్న రోజులు. దారిలో పోలీసులు జీపు ఆపి, మూట విప్పించి, ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎవరు పంపారు అని అడిగారు. ఎవరూ పంపలేదు బాబూ అంటే నవ్వారు. వెనక్కి తిరిగి, కాళ్లీడ్చుకుంటూ, రామతీర్థానికి ఇవతల ఉన్న గెడ్డవలస చేరాడు. ఊరి చివర బోడికొండ కింద ఒక పాత రాతి మండపం ఉంది. వానాకాలం ఇక్కడ ఉండండి బాబూ అన్నాడు ఊరి మునసబు గణపతిరావు. ఉన్నాడు.

సాయంత్రాలు జనం చేరేవారు. ఆయన రెండు రకాల మాటలు చెప్పేవాడు. ఒకటి గురువు దగ్గర నేర్చుకున్నవి. ఈ దేహం అద్దెకొంప, ఇంటాయన ఎప్పుడు పొమ్మంటే అప్పుడు చాప చుట్టుకుని పోవాలి, ఏడవకూడదు అని. రెండోది తన నడకలో తనకి తోచినవి. మీకు ఎవరితో మాటల్లేవో పొద్దున్న లేచి వాళ్ల గుమ్మం ముందు నుంచే నడవండి, వేరే దారి పట్టకండి. కంచం ముందు కూచున్నాక, వండినదాన్ని నువ్వు తిన్నావా అని అడిగి అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకోండి. ఇలాంటివి. ఈ రెండో రకం చెప్తున్నప్పుడు జనం ఆవలించేవారు, చుట్టలు వెలిగించుకునేవారు. అద్దెకొంప మాట రాగానే మాత్రం అందరూ సర్దుకుని కూచుని, ఆహా అని తలలూపేవారు. పెళ్లాన్ని తిన్నావా అని అడగడం కంటే ప్రాణం వదిలెయ్యడం తేలిక అనుకునేవారేమో మరి.

అందరికంటే ముందు వరసలో కూచునేది జగ్గమ్మ. మునసబు గణపతిరావుకి అక్క. మొగుడు పోయి, పిల్లలు లేక, తమ్ముడింట్లో ఉంటున్న డెబ్బయ్యేళ్ల మనిషి. రోజూ పొద్దున్న ఉప్పులేని చోడి అంబలి కాచి తెచ్చేది కూడా ఆవిడే. తెచ్చిన ముంత ఆయన ముందు పెట్టి, తాగేదాకా కూచుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయేది.

కార్తీకం వచ్చింది. వానాకాలం నియమం అయిపోవచ్చింది, నడక మొదలెట్టాలి. మోకాళ్లు మాత్రం మేం నడవం అన్నాయి. రాతి నేల చెమ్మా, తెల్లారగట్ల మంచూ కలిసి కీళ్లు వాచిపోయాయి. లేవాలంటే స్తంభం పట్టుకోవాలి, కూచోవాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి. చిన్నప్పుడు అమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. అది పెడితే కొంత తగ్గుతుందనిపించింది. అడగాలంటే సిగ్గు. నిన్న సాయంత్రమే కదా అద్దెకొంప గురించి గొంతెత్తి చెప్పాడు! పొద్దున్నే ఆ కొంప మోకాళ్లకి కాపడం కావాలని ఏ మొహంతో అంటాడు?

అందుకని సంగతి చెప్పకుండా వస్తువు మాత్రం అడిగాడు.

"తల్లీ, నాకు మూటెడు ఉప్పు కావాల. రాళ్లుప్పు."

జగ్గమ్మ అంబలి ముంత కింద పెట్టేసింది. "ఉప్పా బాబూ? మీకా?"

"నాకే. ఎవులితోటీ సెప్పకు."

"ఎప్పటికి కావాల బాబూ?"

"ఎంత బేగి అయితే అంత మంచిది తల్లీ. ఇంక ఓర్సుకోలేకున్నాను."

జగ్గమ్మ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి లేచింది. ఆవిడ అంత వేగంగా నడవడం ఆ ఊరు చాలా ఏళ్లుగా చూడలేదు.

సన్యాసిని కాల్చరు. గొయ్యి తీసి, పద్మాసనంలో కూచోబెట్టి, చుట్టూ ఉప్పు నింపుతారు. ఇది ఆ చుట్టుపక్కల చంటిపిల్లకి కూడా తెలుసు. ఉప్పు ముట్టని స్వామి ఉప్పు ఎందుకడుగుతాడు? కూరలోకైతే కాదు కదా! వానాకాలం నియమం ముగిసే వేళ, ఎవరికీ చెప్పొద్దని, ఇక ఓర్చుకోలేనని అడిగాడంటే దానికి ఒకటే అర్థం. అక్క చెప్పింది విని గణపతిరావు అరుగు మీద అలాగే కూలబడ్డాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, స్వామి మీద భక్తి ఉన్నవాడే. కానీ ఆ కన్నీళ్లు ఆరేలోపే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. జనమంతా గెడ్డవలస మీదుగా రామతీర్థం పోతారు తప్ప గెడ్డవలసకని ఎవరూ రారు. ఇక్కడ ఒక స్వామి సజీవంగా సమాధిలో కూచుంటే ఏటేటా తీర్థం జరుగుతుంది. అంగళ్లు వస్తాయి, రంగులరాట్నాలు వస్తాయి, బస్సు ఆగుతుంది. ఊరికి ఒక పేరుంటుంది.

బళ్లు కట్టించి ఉప్పు బస్తాలు తెప్పించాడు. నౌపడా ఉప్పు, తెల్లగా, ఉసిరికాయలంత రాళ్లు. బస్తాలన్నీ మునసబు గారి సావిట్లో పసుపు రాసి పెట్టారు. పవిత్రమైన సరుకు కాబట్టి ముహూర్తం దాకా ఎవరూ ముట్టకూడదన్నారు. అడిగిన మూటెడు ఉప్పు మాత్రం సోములు చేతికి రాలేదు.

మండపం పక్కన తవ్వకం మొదలైతే ఆయన తన కోసం చలికాలానికి చిన్న గది కడుతున్నారేమో అనుకున్నాడు. పునాది కొంచెం లోతుగా ఉందని అనిపించింది గాని, అడగడం బాగోదని ఊరుకున్నాడు. ఎంత మంచివాళ్లో అని లోపల మురిసిపోయాడు కూడా. రెండోనాడు తాపీమేస్త్రీ అసిరయ్య తాడు ముక్క పట్టుకుని వచ్చాడు.

"బాబూ, ఓపాలి పద్మాసనం ఎయ్యండి. కొలత సూసుకుంటాను."

"పద్మాసనం ఎయ్యలేనురా నాయనా. మోకాళ్లు ఒంగట్నేదు. అయినా ఏటికి కొలత?"

"అందికే బాబూ. గొయ్యి ఇరుకైపోతే మోకాళ్లు గోడకి తగుల్తాయి. తవరికి కష్టం కదా."

"ఎవులికిరా గొయ్యి?"

అసిరయ్య తాడు వదిలేసి కాళ్ల మీద పడ్డాడు. "తవరు ఉప్పడిగినారట కదా బాబూ. మునసబుగారు ఊరంతటికీ సెప్పీసినారు. నా సేత్తో ఇన్నాళ్లూ కట్టినవన్నీ అన్నదమ్ములు ఇడిపోయి మద్దిన కట్టుకున్న గోడలే. దేవుడి పని ఇదే మొదలు. నా జన్మ తరించిపోనాది."

అప్పుడైనా నోరు విప్పాలా, వద్దా? ఒరే నాయనా, నేనడిగింది కాపడానికిరా అంటే అక్కడితో అయిపోయేది. అసిరయ్య కళ్లలో నీళ్లు చూసి నోరు రాలేదు. తాడు తీసి అతని చేతికిచ్చి, తన భుజాలు కొలుచుకోమని కదలకుండా కూచున్నాడు. ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? కోప్పడాలో జాలిపడాలో కూడా తెలియదు.

ఆ తర్వాతి రోజులు ఆయనకి నిద్ర లేదు. మొదట్లో, పోతే ఏం పోయింది అనిపించింది. నిజంగానే అనిపించింది. ఇక నడక ఉండదు, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి అడుక్కోవడం ఉండదు, మోకాళ్లుండవు. అలిసిపోయాడు కదా, ముప్ఫయ్యేళ్ల అలసట. పిండం ఎప్పుడో పెట్టుకున్నాడు, లెక్క ప్రకారం ఎప్పుడో చచ్చినవాడే. మిగిలింది కూచోవడమే. అలా మనసుని జోకొట్టుకుంటూ ఉండగా, ఉప్పు నడుం దాకా, రొమ్ము దాకా, గెడ్డం దాకా వస్తున్నట్టు అనిపించి ఒళ్లు చల్లబడిపోయేది. పొద్దున్న ఎండ వీపు మీద పడగానే ప్రాణం లేచి వచ్చేది. ఎందుకు బతకాలయ్యా అంటే ఆయన దగ్గర చెప్పడానికి ఒక్క కారణం లేదు. ఎదురుచూసేవాళ్లు లేరు, చెయ్యాల్సిన పని లేదు. బతకాలని మాత్రం ఉంది. చాలా ఉంది.

ఒకసారి గణపతిరావుతో కదిపి చూశాడు. "గణపతీ, ఇంత తొందరేటి? ఎనక్కి జరిపితేనో?"

"తవరెంత సెప్తే అంత బాబూ. కానీ ఇజీనారం పట్నం దాకా కబురెల్లిపోనాది. సాలూరు లారీలోళ్లు జనాన్ని ఎక్కించుకుని బయల్దేరిపోతన్నారు. తవరు ఉప్పడిగినాక మరి ఆపితే ఊరికి అరిష్టమట, పెద్దలు సెప్తన్నారు. అధికారుల సంగతి తవరు సూడకండి. మునసబుని నేనున్నాను కదా. తవరంతట తవరు దిగితే అడిగేవోడెవుడు?"

"అలాగే," అన్నాడు సోములు. ఆ మాట ఆయన నోటికి అంతగా అలవాటైపోయింది మరి.

పౌర్ణమి నాడు మధ్యాహ్నానికే కొండ కింద జనం కిక్కిరిసిపోయారు. బళ్లు, లారీలు, భుజాల మీద పిల్లలు, బూరలు అమ్మేవాళ్లు. సోములుకి స్నానం చేయించి, కొత్త కాషాయం కట్టి, మెడ నిండా బంతిపూల దండలు వేశారు. గొయ్యి అంచున పీట వేసి కూచోబెట్టారు. పక్కన ఉప్పు బస్తాలు మూతులు విప్పి ఉన్నాయి. జగ్గమ్మ ముందు వరసలోనే ఉంది, కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది. గణపతిరావు చేతులు కట్టుకుని, "బాబూ, ఆఖరి మాట సెలవియ్యండి," అన్నాడు.

సోములు గొయ్యిలోకి చూశాడు. అసిరయ్య అడుగున తాపీగా, నున్నగా గచ్చు చేశాడు. ఎంతో శ్రద్ధగా చేశాడు పాపం.

"నాకు సావాలని నేదు," అన్నాడు.

గణపతిరావు రెండు క్షణాలు ఆలోచించి, జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "ఇన్నారా? ఆత్మకి సావు నేదని బాబు సెలవిస్తన్నారు!"

ఆహా అంది జనం. ఎవరో గోవిందా అన్నారు, కొండంతా గోవింద మారుమోగింది. సోములు ఆ గోల అణిగేదాకా ఆగాడు. ఆగడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు, ఎందుకంటే ఆగినకొద్దీ 'అలాగే' అనేసే అలవాటు గొంతు దాకా వస్తోంది.

"ఆత్మ కాదు గణపతీ. ఆత్మ సంగతి నాకు తెల్దు. నాను. ఈ సోముల్ని. నాకు భయమేస్తన్నాది. నాను ఉప్పడిగింది మోకాళ్లకి కాపడం ఎట్టుకోడానికి. సిగ్గేసి సెప్పనేదు. నాను గోతిలోకి దిగను."

ఈసారి ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. వెనక వరసల్లో ఎవరో పకపకా నవ్వారు. దూరం నుంచి బిడ్డల్నెత్తుకు వచ్చినవాళ్లు దుమ్మెత్తిపోశారు. గణపతిరావు మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కోపం కూడా కాదు అది, మోసపోయిన చిన్నపిల్లాడి మొహం.

"మరి ఇన్నాళ్లూ మాకు సెప్పిందేటి బాబూ?" అన్నాడు.

"నా గురువు సెప్పింది మీకు సెప్పీసినాను. తెలిసి సెప్పింది కాదు. తప్పే."

దండలు తీసి పీట మీద పెట్టాడు. ఒక్కొక్క మెట్టూ ఎక్కి, స్తంభం పట్టుకుని మండపంలోకి వెళ్లి గోడకి తిరిగి పడుకున్నాడు. కింద జనం విడిపోతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఉప్పు ఊరికే పోతుందెందుకని ఎవరికి దొరికినంత వాళ్లు కొంగుల్లోనూ తువ్వాళ్లలోనూ మూటగట్టుకుని ఇళ్లకి పట్టుకుపోయారు.

మర్నాడు అంబలి రాలేదు. వస్తుందని ఆయనా అనుకోలేదు. ఉన్న రెండు గుడ్డలూ కమండలమూ మూటగట్టుకున్నాడు. ఎటు వెళ్లాలో తెలియదు, ఈ కాళ్లతో ఎంత దూరం వెళ్తాడో అంతకన్నా తెలియదు. ఎవరో వస్తున్నట్టనిపించి చూస్తే జగ్గమ్మ. చేతిలో ముంత లేదు. మెట్ల మీద ఆయాసపడుతూ కూచుంది.

"తమ్ముడు అంబలి పట్టుకెళ్లొద్దన్నాడు బాబూ. కాళీ సేతుల్తో వచ్చీసినాను."

"నీ మీద నాకేటీ కోపం నేదు తల్లీ. సంగతి సెప్పకుండా ఉప్పడిగినాను, తప్పు నాది."

"ఉప్పు గురించి రానేదు నాను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయినేడు నాకు జొరమొచ్చినాది బాబూ. పోతానన్నారు అందరూ. మా మరదలు నోట్లో తులసినీళ్లు కూడా పోసీసినాది. నాను బతికీసినాను. ఆరోజు నుంచి ఆ ఇంట్లో ఎవులి మొగం సూసినా నాకు సిగ్గే. అంత ముద్ద ఎక్కువ తింటే సిగ్గు. మంచం పశువుల సాలకి మార్సినారు, మరి లోపలికి తేనేదు. నాను అడగనేదు."

సోములు చేతిలోని మూట పక్కన పెట్టాడు.

"మీ మాటలింటే పోవాలన్న బుద్ధి పుడతాదని రోజూ ముందర కూకున్నాను. పుట్టనేదు. మీరు కొంప కాళీ సెయ్యాలని అంటంటే, నాకు లోపల్లోపల, ఇంకొక్క సలికాలం సూస్తే బాగున్ను అనిపించీది. పాపిష్టిదాన్ని అనుకున్నాను. అందికే మీరు ఉప్పడగ్గానే పరుగెట్టుకెళ్లి సెప్పీసినాను. ఒక్కలైనా భయం నేకుండా ఎల్తారు, సూసి నేర్సుకుందునని. నిన్న మీరు ఆ మాటన్నారు. ఊరంతా తిట్టుకున్నాది. నాకు మాత్రం..."

"ఏటనిపించినాది తల్లీ?"

"నా ఒక్కద్దానికే కాదు గదా అనిపించినాది. రాత్రి సుబ్బరంగా నిద్దరపోనాను బాబూ."

సోములు ఆవిడ మొహంలోకి చూశాడు. ఎండకి ముడతలుపడిన ఆ మొహాన్ని ఇన్ని నెలలూ రోజూ చూశాడు గాని, ఏం కావాలమ్మా నీకు అని ఒక్కనాడూ అడగలేదు. ఈవిడని కూచోబెట్టి పొద్దస్తమానం పొమ్మని చెప్పాడన్న మాట. సిగ్గుతో ఆయన తల వంగిపోయింది.

జగ్గమ్మ ఆయన పక్కనున్న మూట చూసింది. "ఎల్లిపోతన్నారా? ఇయాల కాకపోతే రేపైనా తమ్ముడి కోపం తగ్గుతాది. నాను రేపూ వస్తాను. ఉంటారు కదా బాబూ?"

"ఉంటాను తల్లీ," అన్నాడు సోములు. మూట ముడి విప్పుతూ, "నువ్వూ ఉండు," అన్నాడు.

ఉండమని తనతో ఒక మనిషి అని ఎన్నేళ్లయిందో జగ్గమ్మకి గుర్తు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెట్టు మీదే ఒరిగిపోయి, వెక్కి వెక్కి ఏడ్చింది.